కానుక మీద సుంకం, దయకు గడువు



2026-27 కేంద్ర బడ్జెట్టులో, సొంత వాడకం కోసం విదేశాల నుంచి తెప్పించుకొనే వస్తువుల మీద కస్టమ్స్ సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గిస్తున్నట్లు ప్రకటించారు. అంతకు ముందే, 2025 సెప్టెంబరు 22 నుంచి, అదే తరగతి వస్తువుల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. బంగారం ధరల హడావిడిలో ఈ వార్త ఎవరి కంటా పడినట్లు లేదు. తగ్గించడం సంతోషమే. అయితే ఎంత శాతం అన్న లెక్క కంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్నలు రెండున్నాయి. కన్నబిడ్డలు దూరదేశం నుంచి కన్నవారి ఇంటికి పంపిన వస్తువు అసలు సరుకు అవుతుందా? కాదని ఆపత్కాలంలో కొంతవరకు ఒప్పుకొన్న ప్రభుత్వం, ఆ ఒప్పుకోలుకు గడువు తేదీ ఎందుకు పెట్టాలి?

నా అభిప్రాయం ముందే చెప్పి ఆ తరువాత కారణాలు విన్నవిస్తాను. ఇంటికి వచ్చే కానుకకు, ముఖ్యంగా రోగికి వచ్చే సాధనానికి, సుంకం మినహాయింపు అనేది ఏలినవారు మూడు నెలలకొకసారి ప్రసాదించే దయగా ఉండరాదు. అది పరిమితి గల, షరతులు గల, కాని గడువు లేని శాశ్వత నిబంధనగా ఉండాలి.

నలభై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి కనుక మాటలతోనే మొదలుపెట్టనివ్వండి. సుంకం అనే మాట సంస్కృత శుల్క శబ్దానికి తద్భవం. ఈ శుల్కం ఏ మాట పక్కన చేరినా దాన్ని బేరంగా మార్చివేస్తుంది. విద్య పక్కన చేరితే విద్య కొనుగోలు అవుతుంది. కన్య పక్కన చేరితే ఏమవుతుందో గురజాడవారు నాటకం వ్రాసి మరీ చూపించారు. నేను చెప్పనక్కర లేదు. కానుక అనే మాట అలాంటిది కాదు. ఇది మన అచ్చతెనుగు పదం. "కాను" అంటే చూచుట. పెద్దలను చూడబోయేటప్పుడు చేత పట్టుకొని వెళ్లేది కానుక. వట్టి చేతులతో వెళ్లకూడదన్న మర్యాదలోంచి పుట్టిన మాట అది. చూడడానికి రాలేనివాడు వస్తువునైనా పంపుతాడు. అప్పుడు ఆ వస్తువు రాలేని మనిషికి బదులుగా వచ్చిందన్నమాట. అటువంటి దానిమీద శుల్కం వేయడమంటే కొడుకు గుమ్మంలోకి వచ్చినందుకు తండ్రి దగ్గర రుసుము వసూలు చేసినట్లే.

మన ఇళ్లలో సారె ఉంది. ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు అరిసెలు, లడ్లు, చలిమిడి, చీర, పసుపు కుంకుమ పెట్టి పంపుతాం. ఆ సారె ఊరి పొలిమేర దాటేటప్పుడు దానికి వెల కట్టమని ఎవరూ అడగరు. అడిగితే ఊరు ఒప్పుకోదు. ఈ యాభై ఏళ్లలో మన పల్నాడులోనూ, గుంటూరు, కృష్ణా జిల్లాల్లోనూ ఇంటికొక బిడ్డ సముద్రాలు దాటిన తరువాత సారె దిక్కు మార్చుకొంది. ఇప్పుడది అక్కడి నుంచి ఇక్కడికి వస్తోంది. బి.పి. చూసుకొనే యంత్రం, మోకాళ్ల పట్టీ, వినికిడి యంత్రం, మనవల ఫొటోలు చూసుకోవడానికి ఒక టాబ్లెట్. పంపినవాళ్లు వ్యాపారులు కారు, అందుకొన్నవాళ్లు అమ్ముకోరు. పేరు పార్శిలు అయినా అది సారె.

ఇది ముసలివాడి మమకారం, రాజ్యాలు మమకారంతో నడవవు అంటారా? రాజ్యతంత్రం తెలిసిన కౌటిల్యుని మాటే చూడండి. పన్నుల విషయంలో ఆయనకు జాలి ఎక్కువని ఎవరూ అనలేరు. చేపల చెరువు నుంచి జూదశాల దాకా ఆయన పన్ను వేయని చోటు కనబడదు. అటువంటివాడు అర్థశాస్త్రం రెండవ అధికరణంలో, శుల్కాధ్యక్షుని ప్రకరణంలో, సుంకం లేకుండా వదలవలసిన వస్తువుల పట్టిక ఒకటి ఇచ్చాడు. పెళ్లి కోసం తీసుకువెళ్లేవి, పెళ్లికూతురు వెంట పంపేవి, కానుకగా ఇచ్చేవి, యజ్ఞానికి, పురుటికి, దైవపూజకు, పుట్టువెంట్రుకలకు, ఉపనయనానికి ఉద్దేశించినవి, ఇవన్నీ ఉచ్ఛుల్కాలు, అంటే సుంకం లేకుండా పోవలసినవి. ఆ వెంటనే రెండో మాట కూడా ఉంది. కాని దాన్ని అవునని అబద్ధం చెప్పి దాటించినవాడికి దొంగకు వేసే శిక్ష వేయాలి. అదే అధ్యాయం చివర, దేశానికి హాని చేసే సరుకును రానివ్వవద్దని, గొప్ప ఉపకారం చేసే సరుకును, దొరకని విత్తనాన్ని సుంకం లేకుండా రానివ్వమని చెప్పి ముగించాడు.

ఈ మూడు మాటల్లోనూ ఒక క్రమం ఉంది. కానుకను వదులు. దొంగను పట్టు. మేలు చేసే వస్తువుకు దారి విడు. వీటిలో ఏ ఒక్కదానికీ ఆయన గడువు పెట్టలేదు.

ఇక మన నేలకు వద్దాం. నేనుండే అమరావతికి ఆనుకొనే ధరణికోట ఉంది. 1960వ దశకంలో అక్కడ జరిపిన తవ్వకాల్లో పడవలు వచ్చిపోయే కాలువ, రేవు కట్టడం బయటపడ్డాయి. పరదేశపు సరుకు ఈ ఒడ్డున దిగడం, దాని లెక్క వ్రాసుకోవడం ఈ ఊరికి కొత్త కాదు. తరువాతి కాలంలో ఆ వైభవం సముద్రతీరాన మోటుపల్లికి దక్కింది. నేటి బాపట్ల జిల్లాలో, చీరాలకు దగ్గరలో ఉన్న ఆ ఊరి వీరభద్రాలయం దగ్గర కాకతి గణపతిదేవుడు వేయించిన అభయశాసనం ఉంది. కాలం శాలివాహన శకం 1166, అనగా క్రీ.శ. 1244-45. తుపానుకు చిక్కి ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువస్తే, అందులోని సరుకంతా స్థానిక పాలకులు లాక్కోవడం అంతకు ముందు ఆచారం. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని రద్దు చేశాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చినవాళ్లు కదా అన్న కనికరంతో, నిర్ణయమైన సుంకం తప్ప మిగిలినదేదీ ముట్టుకోమని మాట ఇచ్చాడు. ఆ సుంకం ఎంతో కూడా శాసనంలోనే చెప్పాడు: ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయింట ఒక వంతు. 1358లో అనవోతారెడ్డి కూడా అదే మోటుపల్లిలో వర్తకులకు అభయమిస్తూ మరో శాసనం వేయించాడు. రెడ్డిరాజుల కొలువుకు దేశదేశాల సుగంధ ద్రవ్యాలు తెప్పించి ఇచ్చిన అవచి తిప్పయసెట్టి ఈ అభయాల నీడలో వర్ధిల్లినవాడే. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఆయనకే.

మోటుపల్లి శాసనం కానుకల గురించి కాదు, వర్తకుల గురించి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ప్రస్తావించడానికి కారణం ఉంది. ఆ రాజు తన కనికరాన్ని రాతి మీద చెక్కించాడు. ఓడ ఎక్కబోయేవాడికి ముందుగానే తెలియాలి, తనకు ఏమి దక్కుతుందో, ఏమి కట్టాలో. పగిలిన ఓడ ఒడ్డుకు చేరిన తరువాత మంత్రివర్గం కూర్చుని ఈ నెలాఖరు దాకా దయ చూపుదామని తీర్మానిస్తే ఆ ఓడవాడికి ఒరిగేదేమిటి? రాతి మీద వ్రాసిన దయకూ కాగితం మీద మూడు నెలలకు వ్రాసిన దయకూ ఉన్న తేడా ఇదే.

ఇప్పుడు మన కాలపు నిబంధనలు చూద్దాం. విదేశం నుంచి వచ్చే భారతీయుడు తన వెంట పెట్టెలో తెచ్చుకొనే వస్తువులకు ఒక పరిమితి దాకా సుంకం లేదు. 2016 నాటి బ్యాగేజి నిబంధనల్లో అది 50,000 రూపాయలు. 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త నిబంధనల్లో 75,000 అయింది. ఈ సదుపాయంలో కూడా కోతలు పడిన సందర్భాలున్నాయి. 2013లో రూపాయి పడిపోతున్న వేళ, ఆగస్టు 26 నుంచి, వెంట తెచ్చుకొనే పలచని టీవీలకు ఈ మినహాయింపు తీసివేసి 36 శాతం పైగా సుంకం వేశారు. రెండేళ్ల గల్ఫు చాకిరీ తరువాత ఇంటికి ఒక టీవీ తెచ్చుకొందామన్నవాడికి అది గట్టి దెబ్బే. అయినా మొత్తం మీద, వెంట తెచ్చుకొన్నదానికి మన్నన ఉంది.

అదే వస్తువును వెంట తేకుండా పార్శిలులో పంపితే? ఒకప్పుడు 5,000 రూపాయల లోపు కానుకలకు సుంకం ఉండేది కాదు. 2019 డిసెంబరు 12న విదేశీ వాణిజ్య విభాగం ఒక ప్రకటన ఇచ్చి ఆ తలుపు మూసింది. తపాలా ద్వారా, కొరియరు ద్వారా కానుక పేరుతో సుంకం లేకుండా వస్తువులు దిగుమతి కావడాన్ని నిషేధించింది. సుంకం పూర్తిగా కడితే తెచ్చుకోవచ్చు. మినహాయింపు రెండింటికే: ప్రాణరక్షక ఔషధాలకు, రాఖీకి. రాఖీ వెంట పంపే కానుకలకు మాత్రం ఇది వర్తించదని ప్రత్యేకంగా వ్రాశారు. దారం రావచ్చు, దానితో పాటు మిఠాయి పొట్లం రాకూడదు. 2023 విదేశీ వాణిజ్య విధానంలోనూ ఈ నియమమే కొనసాగింది.

ఫలితం ఏమిటో గమనించండి. టికెట్టు కొనుక్కొని, సెలవు దొరికి, విమానం ఎక్కగలిగిన కొడుకు 75,000 రూపాయల వస్తువులు సుంకం లేకుండా తండ్రికి ఇవ్వవచ్చు. సెలవు దొరకనివాడు, వీసా చిక్కుల్లో ఉండి కదలలేనివాడు, రెండు వేల రూపాయల వస్తువు పంపినా మొదటి రూపాయి నుంచి సుంకం లెక్క మొదలవుతుంది. రాగలిగినవాడికి మన్నన, రాలేనివాడికి పన్ను. కానుక అన్న మాట పుట్టుకకే ఇది విరుద్ధం.

ఈ నియమం అసలు రూపం 2021 వేసవిలో బయటపడింది. కరోనా రెండవ ఉప్పెన అది. ఆసుపత్రుల్లో పడకలు లేవు, సిలిండర్లు లేవు. ఇంట్లోనే గాలిలోంచి ప్రాణవాయువును వేరుచేసి ఇచ్చే ఆక్సిజన్ కాన్సంట్రేటర్ అన్న మాట మా ఊరి రచ్చబండ దాకా వచ్చింది. అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడ కొని పంపడానికి సిద్ధపడ్డారు. కాని పైన చెప్పిన ప్రకటన ప్రకారం కానుకగా రాగలిగినవి మందులూ రాఖీలూ మాత్రమే. ఈ యంత్రం రెండూ కాదు.

అప్పుడు ప్రభుత్వం చేసిన పనులను తేదీలవారీగా చెబుతాను. ఏప్రిల్ 24న ఆక్సిజన్ పరికరాల మీద కస్టమ్స్ సుంకం, దానిపై సెస్సు తీసివేశారు, జులై 31 దాకా. ఏప్రిల్ 30న ఈ యంత్రాలు తపాలా, కొరియరుల ద్వారా కానుకగా రావడానికి అనుమతించారు, జులై 31 దాకా. మే 1న సొంత వాడకానికి తెప్పించుకొనే యంత్రం మీద ఐజీఎస్టీని 28 శాతం నుంచి 12 శాతానికి తగ్గించారు, జూన్ 30 దాకా. మే 3న, విరాళంగా వచ్చి ఉచితంగా పంచే కోవిడ్ సామగ్రికి, రాష్ట్రంలో నియమించిన అధికారి ధ్రువీకరిస్తే, ఐజీఎస్టీ పూర్తిగా తీసివేశారు, అదీ జూన్ 30 దాకా. జూన్ 12న జరిగిన జీఎస్టీ మండలి సమావేశంలో 12 శాతాన్ని 5 శాతం చేశారు, సెప్టెంబరు 30 దాకా.

వీటిలో చెడ్డ పని ఒక్కటీ లేదు. ప్రతిదీ మేలే. అయినా వరుసగా చదివితే, ప్రతి మేలుకూ చివర ఒక తేదీ వేలాడుతూ కనబడుతుంది. యంత్రం వెల లక్ష రూపాయలు అనుకోండి. ఐజీఎస్టీ ఒక్కటే లెక్కవేసినా, ఏప్రిల్ 29న లెక్కలోకి వచ్చినదానికి 28,000. మే మొదటి వారంలో అయితే 12,000. జూన్ చివర 5,000. యంత్రం అదే, రోగం అదే, అవసరం అదే. మారినదల్లా కాగితం మీద తేదీ. అన్నిటికంటే ముందు ప్రాణాలు నిలుపుకోవడానికి పరుగెత్తినవాడు అందరికంటే ఎక్కువ కట్టాడు. ఉప్పెన తగ్గిన తరువాత తెప్పించుకొన్నవాడు అందరికంటే తక్కువ కట్టాడు. ఇది ఉద్దేశపూర్వకమని నేననను. గడువుల దయ ఎప్పుడూ ఇలాగే పనిచేస్తుంది.

మా ఊళ్లో నాతోపాటు పనిచేసి పదవీవిరమణ చేసిన లెక్కల మాస్టారి భార్యకు ఆ మే నెలలో ఆక్సిజన్ తగ్గిపోయింది. డాలస్‌లో ఉన్న కూతురు మూడో రోజుకే యంత్రం పంపింది. అది దేశంలోకి వచ్చింది గాని ఇంటికి రాలేదు. వెల ఎంత, ఎవరికి, చుట్టరికం ఏమిటి, గుర్తింపు కార్డు ఏది, అది కానుకా కొనుగోలా అని ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క రోజు. ఫోనులో వచ్చిన ఫారాలు చదివి పెట్టమని మాస్టారు నా దగ్గరకు వచ్చేవారు. సుంకం ఎంతో తేలిన తరువాత కూతురు అక్కడి నుంచే పది నిమిషాల్లో కట్టేసింది. ఆ కుటుంబానికి డబ్బు భారం కాలేదు. భారమైంది ఆ తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ ఆమె పొరుగూరి నుంచి అరువు తెచ్చిన సిలిండర్ల మీద బతికింది. "సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకొన్నట్లు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. సుంకరి చెడ్డవాడని కాదు దాని అర్థం. అతడి ముందున్న పద్దుల పుస్తకంలో సుఖదుఃఖాలకు గడి లేదని అర్థం. ఆ గడి చట్టం పెట్టాలి, గుమాస్తా పెట్టలేడు.

ఇదే వాదాన్ని న్యాయస్థానంలో వినిపించిన పెద్దాయన ఒకరున్నారు. ఢిల్లీలో 85 ఏళ్ల వృద్ధుడు. అమెరికా నుంచి బంధువు కానుకగా పంపిన కాన్సంట్రేటర్ మీద 12 శాతం పన్ను ఏమిటని హైకోర్టుకు వెళ్లారు. 2021 మే 21న న్యాయమూర్తులు రాజీవ్ శక్ధర్, తల్వంత్ సింగ్‌ల ధర్మాసనం, సొంత వాడకానికి కానుకగా వచ్చిన ఈ యంత్రాల మీద ఐజీఎస్టీ రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. సంస్థ ద్వారా విరాళంగా వస్తే పన్ను లేదు, అదే యంత్రం మనిషికి కానుకగా వస్తే పన్ను ఉంది, ఈ భేదం నిలవదన్నది. వ్యాపారానికి వాడబోమని అందుకొన్నవారు హామీపత్రం వ్రాసి ఇవ్వాలన్నది. కౌటిల్యుడు చెప్పిన రెండు మాటలూ, కానుకను వదలడమూ అబద్ధాన్ని పట్టడమూ, ఆ తీర్పులో నాకు పక్కపక్కనే కనిపించాయి. కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. జూన్ 1న ఆ తీర్పు మీద స్టే వచ్చింది. పన్నుల విధానం ప్రభుత్వం నిర్ణయించుకోవలసినది, న్యాయస్థానాలు వేలు పెట్టరాదు అన్నది కేంద్రం వాదన. ఆ వాదనను నేను తోసిపుచ్చను. విధానం చేయవలసినది ప్రభుత్వమే. అందుకే న్యాయమూర్తులను కాదు, విధానం చేసేవారిని ఉద్దేశించే ఇది వ్రాస్తున్నాను.

ఎదుటి పక్షం చెప్పే కారణాలు బలహీనమైనవేమీ కావు. వాటిని ఒక్కొక్కటిగా చూడడం న్యాయం.

మొదటిది దుర్వినియోగం. 2019లో ఆ తలుపు మూయడానికి అసలు కారణం మన అమ్మానాన్నలు కారు. కొన్ని విదేశీ అంగళ్లు అంతర్జాలంలో సరుకు అమ్మి, ఒక్కొక్క పొట్లాన్నీ 5,000 లోపు కానుకగా చూపి, సుంకం ఎగ్గొట్టి పంపడం మొదలుపెట్టాయి. ఇక్కడ పన్నులు కట్టి దుకాణం నడుపుకొనేవాడికి అది అన్యాయమే. నిజం. కాని దొంగ పురోహితుడి వేషంలో వచ్చాడని పెళ్లిళ్లే నిషేధిస్తామా? వేలాది పొట్లాలు పంపే అంగడికీ, ఏడాదికి రెండు పొట్లాలు పంపే కూతురికీ తేడా కనిపెట్టడం పాతకాలంలో కష్టమేమో గాని, ప్రతి పార్శిలుకూ పంపినవారి వివరం, అందుకొనేవారి గుర్తింపు సంఖ్య అడిగే ఈ రోజుల్లో కష్టం కాదు. ఒక మనిషికి ఏడాదిలో ఎంత విలువ వచ్చిందో యంత్రమే కూడి చెబుతుంది.

రెండవది, 2021 మే నెలలో ఆర్థిక మంత్రి స్వయంగా ఇచ్చిన సమాధానం. జీఎస్టీ పూర్తిగా తీసివేస్తే దేశంలోని తయారీదారులు ముడిసరుకు మీద తాము కట్టిన పన్నును సర్దుకోలేరు, ఆ భారం వెలలో కలిపి కొనేవాడి నెత్తినే వేస్తారు అన్నారు. అమ్మకపు సరుకు విషయంలో ఇది సరైన తర్కమే. కానుకలో అమ్మేవాడు ఎక్కడున్నాడు? సర్దుకోవలసిన పన్నూ లేదు, వెలలో కలిపే చోటూ లేదు. అంగడి సరుకుకు చెప్పిన సమాధానం ఇంటి కానుకకు అతకదు.

మూడవది నన్ను నిజంగా ఆలోచింపజేసినది. విదేశంలో బిడ్డలున్నవాడికి ఈ రాయితీ, లేనివాడికి ఏమిటి? ఊళ్లో కూలివాడి తల్లికి ఎవరు పంపుతారు? ఉన్నవాడి ఇంటికే ఇంకాస్త దయ ఎందుకు? దీనికి తర్కం కంటే నేను చూసిన విషయమే సమాధానంగా చెబుతాను. మాస్టారి ఇంటికి ఆలస్యంగా వచ్చిన ఆ యంత్రం ఆమె కోలుకొన్న తరువాత అటక ఎక్కలేదు. ఆ ఏడాదిలోనే మరి మూడిళ్లకు వెళ్లింది, అందులో రెండు రెక్కాడితే గాని డొక్కాడని ఇళ్లు. పల్లెలో ఒక ఇంటికి వచ్చిన ప్రాణసాధనం ఊరందరిదీ అవుతుంది. పైగా ఎవరికీ పంపేవారు లేనివాళ్ల కోసం ప్రభుత్వం ఆసుపత్రులు బాగుచేయాలన్నది వేరే కర్తవ్యం. కానుక మీద వేసే పన్ను ఆ కర్తవ్యానికి బదులు కాదు.

ఇతర దేశాలు ఏమి చేస్తున్నాయో కూడా చూడాలి. ఫిలిప్పీన్స్ దేశపు ప్రజలు మనకంటే ఎక్కువగా వలసల మీద బతికేవారు. విదేశాల్లో పనిచేసేవారు ఇంటికి పంపే పెట్టెను వాళ్లు బాలిక్‌బయన్ పెట్టె అంటారు. 2015లో కస్టమ్స్‌వారు ఆ పెట్టెలు తెరిచి చూస్తామనేసరికి దేశమంతా అల్లరి అయింది. 2016లో వచ్చిన కస్టమ్స్ చట్టం, ఇంటి వాడకపు వస్తువులైతే 1,50,000 పెసోల విలువ దాకా, ఏడాదికి మూడుసార్లు, సుంకమూ పన్నూ లేకుండా పంపుకోవచ్చని నిర్ణయించింది. అది చట్టంలో మాట, అత్యవసర ప్రకటన కాదు.

అమెరికా మీద మనకు ఎన్ని ఫిర్యాదులున్నా ఒక సంగతి చెప్పాలి. 2025 ఆగస్టు 29 నుంచి ఆ దేశం 800 డాలర్ల లోపు పొట్లాలకు ఉన్న సుంకం మినహాయింపు తీసివేసింది. మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికాకు పార్శిళ్లు తీసుకోవడం ఆపి, అక్టోబరు 15న తిరిగి మొదలుపెట్టింది. దసరా నాటికి ఆవకాయ, గోంగూర పచ్చడి పంపుదామనుకొన్న తల్లులు చిన్నబుచ్చుకొన్నారు. అంత సుంకాల యుద్ధంలోనూ 100 డాలర్ల లోపు కానుకకు మినహాయింపు ఉంచారు. ఎంత కోపంగా తలుపు వేసినా కానుక పట్టేటంత సందు వదిలారు. మనం వదిలిన సందులో రాఖీ దారం మాత్రమే పడుతుంది.

కనుక నేను కోరేవి మూడు. ఒకటి, వైద్యుని చీటీ మీద, పేరు గల రోగికి, ఇంట్లో వాడుకోవడానికి వచ్చే సాధనం ఏదైనా, అది కాన్సంట్రేటర్ కానివ్వండి, చక్రాల కుర్చీ కానివ్వండి, వినికిడి యంత్రం కానివ్వండి, ఏ కాలంలో వచ్చినా సుంకమూ పన్నూ లేకుండా పోవాలి. మహమ్మారి ఉంటేనే ఊపిరి విలువైనది కాదు. సాధారణ సంవత్సరంలో ఆయాసపడే ముసలమ్మకూ అంతే విలువ. రెండు, దగ్గరి బంధువు పంపే ఇతర కానుకలకు, వెంట తెచ్చుకొనేవారికి ఇచ్చిన పరిమితినే ఏడాది మొత్తానికి ఇవ్వాలి. అందుకొన్నవారు అమ్మబోమని ఒక్క వాక్యం హామీ వ్రాసి ఇవ్వాలి, అబద్ధమని తేలితే కౌటిల్యుడు చెప్పిన శిక్షే వేయండి, నాకు అభ్యంతరం లేదు. మూడు, ఎప్పుడైనా ఆపత్కాలంలో తాత్కాలిక రాయితీ ఇవ్వవలసి వస్తే, ఆపద మొదలైన నాటి నుంచి అది వర్తించాలి. ముందు కట్టినవాడికి తిరిగి ఇవ్వాలి. ముందుగా మునిగినవాడి దగ్గర ఎక్కువ వసూలు చేసే పడవ పడవ కాదు.

వీటివల్ల ఖజానాకు తగ్గే రాబడి ఉంటుంది, కాదనను. అయితే 2021లో తాత్కాలికంగానైనా రాయితీ ఇచ్చారంటే, ఈ పన్ను అన్యాయమన్న సంగతి ఇచ్చినవారికి తెలుసుననే కదా అర్థం. న్యాయం తెలిసిన తరువాత దాన్ని సెప్టెంబరు 30 దాకా పాటించి అక్టోబరు 1న మానివేయడానికి లేదు.

మనం అంతర్జాలంలో వ్రాసుకొనే ఈ వ్రాతలకు టపా అని పేరు పెట్టుకొన్నాం. ఆ మాటకు అసలు అర్థం తపాలాయే. నా టపా మీకు ఏ సుంకమూ లేకుండా చేరుతోంది. మీలో పలువురు దూరదేశాల్లో ఉన్నవారే. అమ్మకో నాన్నకో ఏదైనా పంపి, అది చేరేదాకా ఫోను పట్టుకొని కూర్చున్న అనుభవం మీకు తప్పక ఉంటుంది. వస్తువు ఏది, ఎన్ని రోజులు ఆగింది, ఏమి అడిగారు, ఎంత కట్టారు అన్నవి వివరంగా వ్రాయండి. వాటిని ఒకచోట కూర్చి, మన పార్లమెంటు సభ్యులకు తెలుగులోనే ఒక విజ్ఞప్తి పంపాలని నా సంకల్పం. పద్దుల పుస్తకంలో సుఖదుఃఖాలకు గడి లేదన్నాను కదా, ఆ గడి గీయించే పని మనమే మొదలుపెట్టాలి.

సెలవు.